సీతారాండేరా ల్యాబులో ఎర్ర టాగు

తూర్పున హిందీ మాట్లాడే ఒక ఉక్కు ఊరు, అందులో సీతారాండేరా అనే పేటలో తెలుగువాళ్లు నడుపుకునే స్కూలొకటి ఉంది. అందులో కంప్యూటర్ ల్యాబు ఎక్కడని అడిగితే ఎవరూ గది నెంబరు చెప్పరు. "డార్కస్ మేడమ్ గదేనా? మెట్ల పక్కది. చెప్పులు బయట విప్పండి, లేదంటే ఆవిడ మిమ్మల్నే బయట నిలబెడుతుంది" అంటారు.

లోపల ఇరవై ఒక్క కంప్యూటర్లు. ఒక్కటీ కొత్తగా కొన్నది కాదు. ఆఫీసులవాళ్లు మూలన పడేసినవాటిని పదకొండేళ్లుగా అడిగి తెచ్చి, దుమ్ము దులిపి, చచ్చినదాని గుండె తీసి బతికున్నదానికి అమర్చి, అన్నింటినీ లినక్స్ మీద నడిపిస్తోంది డార్కస్. ఒక్కోదాని నెత్తిన తెల్ల ఎనామిల్ పెయింటుతో నెంబరు. ఆ నెంబర్లు వేసింది ఆవిడ తండ్రి పౌల్‌రాజు. గోల్‌మురి టిన్‌ప్లేట్ కార్ఖానాలో ముప్పై అయిదేళ్లు మెయింటెనెన్స్ ఫిట్టరుగా చేసిన మనిషి. నెంబరు లేని మిషన్ని మిషనని ఆయన ఒప్పుకోడు.

ఒకటో నెంబరు పెద్దది. పిల్లలు రాసుకున్నదంతా దాంట్లోనే ఉంటుంది, ప్రింటరు దానికే తగిలించి ఉంటుంది, మిగతా ఇరవై పొద్దున్నే దాన్ని చూసే లేస్తాయి. అది లేవకపోతే ల్యాబే లేదు.

ఆ శుక్రవారం ప్రిన్సిపాల్ గణపతిరావుగారు చేతిలో ఒక ఉత్తరం పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగారు. చెప్పులు విప్పే ఓపిక ఆయనకెప్పుడూ ఉండదు, అంచేత అక్కణ్ణుంచే మాట్లాడతారు.

"చూడమ్మా డార్కస్, సోమవారం పది గంటలకి ప్రాక్టికల్సు. బయటినుంచి ఎగ్జామినరు వత్తన్నారు. ఈసారి పరీక్షకి బోర్డువాళ్లు కొత్త ప్రోగ్రాము పంపారు, చూశావా?"

"చూశాను సార్. మన పాత లినక్స్ మీద అది ఎక్కదు. కొత్త వెర్షనుకి మార్చాలి. రేపు సగం పూట బడే కదా, మధ్యాహ్నం మొదలెడితే సాయంత్రానికి అయిపోతుంది."

"అవకపోతే?"

"అవుతుంది సార్."

"అమ్మా, నీ మీద నమ్మకం లేక కాదు. అవకపోతే మన ఇరవైమంది పిల్లల్నీ ఇంకో సెంటరుకి బస్సులో పంపాలి. అప్పుడు కమిటీవాళ్లు ఊరుకోరు. ల్యాబు బయటి కాంట్రాక్టరుకి ఇచ్చేద్దామని రెండేళ్లుగా ఒకటే గోల. 'ఈ పాత ఇనుము ఎన్నాళ్లు తోముతారండీ' అని మొన్న కూడా నా మొహం మీదే అన్నారు. ఇంకో మాట. పిల్లలు చేసినదంతా అక్కడికక్కడే ప్రింటు తీసి ఎగ్జామినరు సంతకం పెట్టించాలి. కాగితం లేకపోతే పరీక్ష లేనట్టే."

"పాత ఇనుముతోనే కదండీ ఈ ఊళ్లో కొత్త ఉక్కు చేసేది" అంది డార్కస్. గణపతిరావుగారు నవ్వి, ఉత్తరం బల్ల మీదకి విసిరి వెళ్లిపోయారు.

శనివారం ఒంటిగంటకి ఆవిడ పని మొదలెట్టిన తీరు చూడాల్సింది. ముందు ఒకటో నెంబరులో ఉన్నదంతా, ఉన్నది ఉన్నట్టు, ఇంకో డిస్కులోకి నకలు తీసి డ్రాయరులో పెట్టి తాళం వేసింది. తర్వాత డిస్కులో చోటెంతుందో చూసింది. ఆ తర్వాతే కొత్త వెర్షను పేరు రాసి, దించుకోమని హుకుం ఇచ్చి, క్యారేజీ విప్పింది.

లినక్స్‌లో ప్రోగ్రాములు మూటలు కట్టుకుని వస్తాయి. ప్యాకేజీలంటారు. ఏ మూటా ఒంటరిగా రాదు. కార్ఖానాలో రేకులు కోసే షేరింగ్ మిషనుకి కొత్త బ్లేడు వెయ్యాలనుకోండి, దానికి కొత్త బోల్టు కావాలి, ఆ బోల్టుకి సరిపోయే పానా కావాలి, ఆ పానా స్టోర్సులో ఉండాలి. ఇదీ అలాగే. వందల మూటలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసుగా దిగుతాయి. గొలుసులో ఒక్కటి కదలనంటే మిగతావన్నీ ఆగి దాని మొహం చూస్తాయి.

సగం దాకా బాగానే దిగాయి. పెరుగన్నంలోకి వచ్చేసరికి తెర మీద ఎర్ర గీత పడింది. 'సర్దలేకపోతున్నాను, నీ దగ్గర పట్టి ఉంచిన ప్యాకేజీలున్నాయి' అని దాని సారాంశం.

డార్కస్ తొణకలేదు. ఆ మాట ఆవిడ ఈ పదకొండేళ్లలో వందసార్లు వింది. ఎవరూ ఏదీ పట్టి ఉంచకపోయినా లెక్క కుదరని ప్రతిసారీ ఆ యంత్రం అదే మాట అంటుంది. అనుభవం ఉన్నవాళ్లు దాన్ని పట్టించుకోరు. ఆవిడకి అనుభవం ఉంది గనకనే అక్కడ దెబ్బ తింది. ఎప్పుడూ చేసేదే చేసింది. బయటి చోట్ల నుంచి తెచ్చి చేర్చిన ప్రోగ్రాముల జాబితాలు ఒక్కొక్కటే ఆపింది. సగం దిగి ఆగినవాటిని సరిచెయ్యమంది. దించుకున్నవాటిని తుడిచి మళ్లీ దించింది. నాలుగయింది, ఎర్ర గీత మాత్రం అలాగే ఉంది.

అప్పుడు, ఇంక ఏమీ మిగల్లేదు గనక, ఇది కూడా చూసి పారేద్దామని apt-mark showhold అని కొట్టింది. ఏమైనా పట్టి ఉంచారా అని అడగడమన్నమాట. ఒకే ఒక్క పేరు వచ్చింది. ప్రింటరు నడిపే ప్యాకేజీ.

ఈసారి యంత్రం నిజమే చెప్పింది. ఎవరో దాన్ని 'కదపొద్దు' అని కట్టేశారు, హోల్డ్‌లో పెట్టడమంటారు. ఆ పాత ప్యాకేజీ పాత బోల్టుల్నే పట్టుకుని కూర్చుంది, గొలుసంతా దాని కోసం ఆగింది.

విప్పడం ఎంతసేపు? ఒక్క వరస కొడితే చాలు. వేళ్లు మీటల మీదకి వెళ్లాయి కూడా. అక్కడ ఆగిపోయాయి.

ఎందుకాగాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. కార్ఖానాలో మిషనాపి లోపల చెయ్యి పెట్టేవాడు ముందు స్విచ్చుకి ఎర్ర అట్ట చీటీ కడతాడు, టాగంటారు. దాని మీద తన పేరు, తేదీ, ఎందుకు ఆపాడో రాస్తాడు. ఆ టాగు కట్టినవాడు తప్ప ఇంకెవడూ విప్పకూడదు. ఫోర్‌మన్ అయినా సరే, ఫోర్‌మన్ బాబయినా సరే. పాత ఒంటి లైను రైలు మార్గాల్లో ఇలాంటిదే ఒకటుండేది. స్టేషను మాస్టరు ఇచ్చిన ఇనప గోళం చేతిలో పడితేగాని డ్రైవరు బండి కదిపేవాడు కాదు. ఎదురుగా కనుచూపు మేర పిట్ట కూడా లేదని కళ్లకి కనిపిస్తున్నా సరే, గోళం లేకపోతే బండి లేదు. కంటిని నమ్మకుండా కట్టుబాటుని నమ్మడం మనిషి చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాడు.

పౌల్‌రాజు ఇంట్లో పిల్లలకి ఏనుగు కథలు లేవు, పోలరాజు కథ ఉండేది. ఆయనతో పనిచేసిన పోలరాజనే ఫిట్టరు ఒకసారి టాగు కట్టి, పని అయ్యాక విప్పడం మర్చిపోయి, డ్యూటీ దిగి సినిమాకి పోయాడు. లైను మొత్తం సిద్ధంగా ఉంది, మీట నొక్కితే చాలు, నొక్కేవాడు లేడు. సైకిలేసుకుని ఒకడు హాలుకి పరిగెత్తాడు. గాజు స్లైడు మీద రాసిన పేరు సినిమా తెర మీద పడింది, 'పోలరాజు వెంటనే బయటకి రావలెను' అని. వాళ్లావిడకి కాన్పొచ్చిందనుకుని ఏడుస్తూ వచ్చాడట పాపం. గంటన్నర లైను ఆగింది. ఒక్కడూ ఆ టాగు ముట్టుకోలేదు.

ఆ ఇంట్లో పెరిగిన చెయ్యి మీటల మీద ఆగడంలో వింతేముంది?

ఆవిడ ల్యాబుకి తాళం వేసి ఇంటికొచ్చేసరికి పౌల్‌రాజు అరుగు మీద హిందీ పేపరు చదువుతున్నాడు.

"ఏటే అమ్మా, మొకం అలగెట్టుకున్నావు? మిషనేటైనా కాలిపోనాదా?"

"కాలలేదు నాన్నా. ఎవరో టాగు కట్టారు."

ఆయన పేపరు మడిచేశాడు. "ఎవులు?"

"పేరు లేదు. లినక్స్‌లో టాగు కట్టొచ్చుగానీ, అది పేరు అడగదు. ఎందుకని కూడా అడగదు."

"పేరు నేని టాగేటే! అది కనిపెట్టినోడు జన్మల ఎప్పుడూ కార్ఖానా షాపు ఫ్లోరు మీద నిలబడి ఉండడు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మరి ఇప్పడానికి ఎంతసేపు?"

"ఒక్క నిమిషం."

"ఇప్పేయ్యి మరి. సోమవారం పరీచ్చ అన్నావు కదా."

డార్కస్ తండ్రి వంక చూసింది. ముసలాయన మొహంలో ఏ భావమూ లేదు, కాని మీసం చివర చిన్నగా అదిరింది.

"నాకు పరీక్ష పెడుతున్నావా నాన్నా?"

"పరీచ్చ సోమవారమన్నావు, ఇయ్యాలెందుకు పెడతాను? ఎవులై ఉంటారో సెప్పు."

"ఆ మిషను పాస్‌వర్డు ఇద్దరికే తెలుసు. నాకూ, ప్రేమ్‌కుమార్ అన్నకీ. అన్నే అయ్యుంటాడు. నాలుగేళ్ల కిందట ప్రింటరు పాడైనప్పుడు హోల్డ్ పెట్టాలని ఆయన అన్నట్టు గుర్తు."

"ఇంకేటి, పోయి పిలుసుకురా. సినిమాకి పోనేదు కదా."

ప్రేమ్‌కుమార్ మూడేళ్ల కిందటి దాకా అదే ల్యాబులో ఆవిడతో పాటు పనిచేశాడు. ఇప్పుడు ఊరి ఇంకో చివర సోనారిలో ఉంటూ ఇళ్లకీ దుకాణాలకీ కెమెరాలు బిగిస్తాడు. నిచ్చెన మీదుండే మనిషి ఫోనెత్తడు. ఆదివారం చర్చిలో ఆరాధన అవగానే డార్కస్ ఆ చీర మీదే స్కూటరెక్కింది. సోనారి చేరేసరికి ఏరోడ్రోము మీంచి చిన్న విమానమొకటి లేచి, ఆ వీధిలో ఉన్న మాటలన్నీ మింగేసి వెళ్లింది. అది పోయేదాకా గేటు దగ్గర నిలబడి, తర్వాత పిలిచింది.

ప్రేమ్‌కుమార్ కూతురు స్మిత తలుపు తీసింది.

"నాన్న ఉన్నాడామ్మా?"

"పాపా ఛత్ పర్ హై ఆంటీ" అని, మేడ వైపు మొహమెత్తి, "పాపా! డార్కస్ ఆంటీ ఆయీ హై, గుస్సే మే హై!" అని అరిచింది.

"కోపమేం లేదే" అంటూ డార్కస్ మేడెక్కింది. ప్రేమ్‌కుమార్ నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని ఏదో వైరు ఒలుస్తున్నాడు.

"అన్నా, నువ్వు కట్టిన టాగు విప్పడానికి రా."

"నేనేం కట్టాను చెల్లెమ్మా?"

"ప్రింటరు డ్రైవరు. హోల్డ్‌లో పెట్టి మర్చిపోయావు. నిన్న మధ్యాహ్నమంతా అది నా ప్రాణం తీసింది."

ప్రేమ్‌కుమార్ వైరు కింద పెట్టాడు. "ఆ రోజు నేనెక్కడున్నాను?"

"ల్యాబులో."

"ల్యాబులోనా! కరోనా మూడోసారి వచ్చినప్పుడు ఈ మేడ మీద గదిలో, తలుపేసుకుని పడున్నాను తల్లీ. మా ఆవిడ గుమ్మంలో కంచం పెట్టి పారిపోయేది. నువ్వు ఫోన్ చేశావు, మార్కుల కాగితాలు రావట్లేదన్నావు. పాత డ్రైవరు వేసి హోల్డ్ పెట్టు అన్నాను నేను. పెట్టిందెవరు?"

డార్కస్ ట్యాంకు గట్టు మీద కూర్చుంది.

"నోరు నాది, చెయ్యి నీది" అన్నాడు ప్రేమ్‌కుమార్. "మీ నాన్న లెక్కలో టాగు ఎవరిది?"

చెప్పిన గొంతు నాలుగేళ్లు గుర్తుంది, కట్టిన చెయ్యి తన చేతిగా గుర్తులేదు. మనిషి బుర్ర అలాంటిది. తను వేసిన తాళానికి తనే ఊరంతా తాళంచెవి కోసం తిరుగుతుంది.

"అంతటితో ఊరుకున్నావా?" ప్రేమ్‌కుమార్‌కి నవ్వాగడం లేదు. "కంప్యూటరు పేరు రాసుకోవట్లేదన్నా, ఎలాగన్నా, అని ఒకటే బాధ. ఆఖరికి మీ నాన్న పెట్టెలోంచి అసలు ఎర్ర టాగు తెచ్చి ప్రింటరు వెనక కట్టానన్నావు. నేను నవ్వబోతే దగ్గొచ్చి చావు తప్పింది."

"అన్నా, నేను వెళ్తాను."

"టీ తాగి వెళ్లు! పోలరాజయినా విశ్రాంతిలో టీ తాగే ఉంటాడు."

టీ తాగలేదు. సాక్చీ మీదుగా స్కూలుకి రావలసిన దూరం ఎప్పటికంటే తొందరగానే గడిచింది. ప్రింటరుని నిరుడు సున్నాలు వేసినప్పుడు గోడకి నెట్టేశారు, మళ్లీ ఎవరూ ముందుకి లాగలేదు. చెంగు దోపి లాగింది. వెనకాల, సాలెగూడులో, ఎర్ర అట్టముక్క వేలాడుతోంది. అక్షరాలు తనవే.

'డార్కస్. జనవరి 22. కొత్త డ్రైవరు వేస్తే మొదటి పేజీ బాగా వస్తుంది, రెండోదానినుంచి ఖాళీ. పాతదాన్నే ఆపి ఉంచాను. విప్పే ముందు రెండు పేజీలు తీసి చూడాలి.'

ఆవిడ అది రెండుసార్లు చదివి, ఒకటో నెంబరు ముందు కుర్చీలో కూర్చుంది. నిన్న ఆ ఒక్క నిమిషం పని చేసేసుంటే ఏమయ్యేది? గొలుసు గడగడా దిగేది. పరీక్ష ప్రోగ్రాము ఎక్కేది. అంతా అయిందని ఒక్క పేజీ ప్రింటు తీసి చూసుకుని, చక్కగా వచ్చిందని తాళం వేసుకుని ఇంటికి పోయేది. సోమవారం ఎగ్జామినరు ముందు ఇరవైమంది పిల్లల కాగితాలు రెండో పేజీ నుంచి తెల్లగా వచ్చేవి.

టాగు తనదే గనక విప్పే హక్కు ఉంది. కాని కారణం ఇంకా బతికే ఉంది. కొత్తది రావాలి, పాత ప్రింటరూ నడవాలి. రెండూ ఒకే ఒరలో ఇమడవు. ఇమడకపోతే రెండు ఒరలు కావాలి, అంతే కదా?

బీరువా మీద ఒక కంప్యూటరుంది. పెయింటు నెంబరు ఇరవై రెండు. నత్తనడకని రెండేళ్ల కిందటే పక్కన పెట్టింది. దాన్ని దించింది. డ్రాయరు తాళం తీసి, శనివారం పాత వెర్షనుని ఉన్నది ఉన్నట్టు నకలు తీసిన డిస్కుని దాంట్లో బిగించింది. మీట నొక్కితే మూలిగి, గురకపెట్టి, నిన్నటి ఒకటో నెంబరులాగే లేచి కూర్చుంది. పాత డ్రైవరు, పాత హోల్డ్, అన్నీ దాంట్లోనే ఉన్నాయి. ప్రింటరు వైరు దానికి తగిలించింది. ఇంటర్నెట్టు దారి మూసేసి, ల్యాబులో వాళ్లు పంపిన కాగితాలు మాత్రం పుచ్చుకోమంది. పదిహేనో నెంబరు నుంచి రెండు పేజీలు పంపింది. మొదటిది వచ్చింది. రెండోదీ వచ్చింది, నిండా అక్షరాలతో.

అప్పుడు ఒకటో నెంబరు ముందుకొచ్చి హోల్డ్ విప్పింది. పాత డ్రైవరుని అక్కడినుంచి పూర్తిగా తీసేసింది. మళ్లీ హుకుం ఇచ్చింది. గొలుసు కదిలింది. మధ్యలో ఒక మూట సగం విప్పుకుని మొరాయించింది, సగంలో ఆగినవన్నీ పూర్తిచెయ్యమని dpkg --configure -a కొట్టి దాని పని పట్టింది. సూర్యుడు మెట్ల మీదినుంచి దిగకముందే ఒకటో నెంబరు కొత్త వెర్షనుతో లేచింది, దాన్ని చూసి మిగతా ఇరవై లేచాయి. పరీక్ష ప్రోగ్రాము తెరిచి, రెండు పేజీలు ప్రింటు తీసింది. ఊరికే ఇంకో రెండు కూడా తీసింది.

ఇంటికెళ్లి తండ్రిని అడిగింది. "నాన్నా, నీ పెట్టెలో ఇంకో టాగుందా?"

"ఎవులు కట్టారో తెలిసిందేటి?"

"నేనే."

పౌల్‌రాజు నవ్వకుండా లేచాడు. పెట్టె తెరిచి కొత్త టాగు తీసి, దారం ముడి సరిగ్గా ఉందో లేదో చూసి, అప్పుడన్నాడు. "పోలరాజు కూడా సినిమా హాల్లోంచి వత్తా, ఏ వెధవ కట్టాడ్రా అని తిట్టుకుంటానే వచ్చినాడు."

సోమవారం పది గంటలకి పరీక్ష మొదలైంది. ఎగ్జామినరు కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని, ఏమీ మాట్లాడకుండా వరసల మధ్య తిరుగుతోంది. ఇరవైమంది పిల్లలూ తలలొంచి మీటలు కొడుతున్నారు. పదకొండింటికి మొదటి కాగితాలు రావలసిన వేళకి గణపతిరావుగారు ఈసారి చెప్పులు విప్పి మరీ లోపలికొచ్చారు. చేతిలో కరెంటు కెటిల్. ఎగ్జామినరుకి వేడివేడిగా టీ ఇవ్వాలని ఆయన కోరిక. ప్లగ్గు కోసం గోడ వెంబడి వెతుక్కుంటూ మూలకొచ్చారు. అక్కడ బీరువా పక్కన దుమ్ముకొట్టిన పాత డబ్బా ఒకటి, నెత్తిన ఇరవై రెండని నెంబరుతో, నేల మీద గురకపెడుతోంది. తెర కూడా లేదు దానికి. ఎవరో ఆపడం మర్చిపోయారనుకుని వంగి ప్లగ్గు మీద చెయ్యి వేశారు.

వేళ్లకి అట్టముక్క తగిలింది. ఎర్రది.

డార్కస్ గది ఆ చివర నుంచి చూసింది. అరవడానికి లేదు, పరీక్ష నడుస్తోంది. పరిగెత్తినా అందే దూరం కాదు. కదలకుండా నిలబడింది.

గణపతిరావుగారు వంగిన మనిషి వంగినట్టే ఉండి టాగు చదివారు. వాళ్ల నాన్న కూడా గోల్‌మురి కార్ఖానావాడే. ఆయన చెయ్యి ప్లగ్గు మీంచి, నిప్పు తగిలినట్టు, వెనక్కొచ్చింది. నిటారుగా లేచి, కెటిల్ చంకలో పెట్టుకుని, మునివేళ్ల మీద డార్కస్ దగ్గరకొచ్చి చెవిలో అడిగారు.

"అమ్మా, ఆ టాగు నీదేనా?"

"నాదే సార్."

"ఎప్పుడు విప్పుతావు?"

"ఆఖరి పిల్లాడి రెండో పేజీ వచ్చాక."

"సరే సరే. టీ స్టాఫ్ రూములో కాస్తాను" అని ఆయన చెప్పులు చేత్తో పట్టుకునే వరండాలోకి నడిచారు. మూలనున్న డబ్బా మూలిగింది, ప్రింటరు మొదటి కాగితం వదిలింది. ఎగ్జామినరు దాన్ని అందుకుని, చెయ్యి అలాగే చాచి, రెండోదాని కోసం నిలబడింది. అదీ వచ్చింది.